మన లఘు చిత్రాలూ, మన విమర్శా

ఒకప్పుడు కాలేజీ కుర్రాడికి ఇరవై ఏళ్లొస్తే కవిత్వం వచ్చేదట. ఇప్పుడు షార్ట్ ఫిల్మ్ వస్తోంది. రెండూ ఒక జాతి జ్వరాలే. కాకపోతే కవిత్వం రాసేవాడికి ఒక నోటుబుక్కూ కలమూ ఉంటే చాలు. అతని అవస్థ అతనొక్కడే పడేవాడు. షార్ట్ ఫిల్మ్ తీసేవాడు తనతో పాటు మరో పదిమందిని ఎండలో నిలబెడతాడు. ఒకడు ఫోను పట్టుకోవాలి, ఒకడు వెలుతురు కోసం థర్మోకోల్ అట్ట పట్టుకోవాలి, ఇంకొకడు దారిన పోయే బళ్లను ఆపాలి. హీరోయిన్ వేషానికి ఒప్పుకున్న అమ్మాయి సాయంత్రం ఆరులోగా హాస్టలుకి చేరాలి. ఇంత తంటా పడి తీసిన పది నిమిషాల బొమ్మను ఆడిటోరియంలో వేస్తే మనం చేసేదేమిటి? బాగోకపోతే ఈల వేస్తాం. బాగుంటే, అప్పుడూ ఈలే వేస్తాం! ఏ ఈల దేనికో తీసినవాడు తెలుసుకునే సాధనాన్ని ఇంతవరకూ ఏ శాస్త్రజ్ఞుడూ కనిపెట్టలేదు.

సావనీరు సంపాదకవర్గం మిత్రులు నన్ను ‘సైన్సు స్టూడెంటువి కదా, అంతరిక్షం మీద ఏదైనా రాయవోయ్’ అన్నారు. అంతరిక్షం గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. మన ఆడిటోరియం గురించి రాసేవాళ్లే లేరు. నేను సినిమా తీసినవాణ్ణి కాదు, తీసే ఉద్దేశమూ లేదు. ఉత్త ప్రేక్షకుణ్ణి. తీసేవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు లోకంలో కోకొల్లలు. చూసేవాళ్లు ఎలా చూడాలో, చూశాక ఏం చెప్పాలో ఎవరూ చెప్పరు. ఆ లోటు మీదే నా ఫిర్యాదు.

నిరుడు మన ఉత్సవాల్లో ఒక జూనియర్ తీసిన పన్నెండు నిమిషాల చిత్రం వేశారు. అతని పేరు రాయను, అతనికి ఇష్టముండదు. కథ చిన్నదే. హాస్టల్లో ఉన్న కొడుకును చూడటానికి పల్లె నుంచి తండ్రి వస్తాడు. పంచె, భుజాన తుండుగుడ్డ, చేతిలో గోతం సంచి. స్నేహితుల ముందు ‘మా నాన్న’ అని చెప్పడానికి కొడుక్కి నామోషీ. పాత కథేనంటారా? పాతదే. కానీ అందులో ఒక షాట్ ఉంది. హాస్టల్ వరండాలో బెంచీ మీద కూర్చోబోతూ తండ్రి ముందుగా చెప్పులు విడుస్తాడు, వాటిని కాలితో జాగ్రత్తగా బెంచీ కిందికి తోస్తాడు, అప్పుడు కూర్చుంటాడు. అదేదో పెద్దవాళ్ల ఇల్లయినట్టు. మాట లేదు, సంగీతం లేదు, అంతా కలిపి అయిదారు సెకన్లు. మా నాన్న బ్యాంకుకి వెళ్లినా అంతే చేస్తాడు. ఆ షాట్ చూసి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

దాని తరువాత అసలు ఘట్టం, తండ్రి కొడుకుతో మాట్లాడేది, డాబా మీద తీశారు. గాలి ఫోను మైకులో దూరి బుర్రుమని మోత. తండ్రి పెదవులు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినపడదు. ‘విమానం దిగుతోందిరోయ్’ అని వెనకనుంచి ఎవడో అరిచాడు. హాలంతా నవ్వులు. తండ్రి కళ్లు తుడుచుకుంటుంటే ఇంకా నవ్వులు.

బయటికొచ్చాక స్నేహితులు ఆ కుర్రాడి భుజం తట్టి ‘సూపర్ రా మామా’ అన్నారు. న్యాయనిర్ణేతగా కూర్చున్న ఒక సారు ‘మంచి సందేశం ఇచ్చావోయ్, ఇలాగే కృషి చెయ్యి’ అన్నారు. నలుగురు ఫోన్లో చప్పట్ల బొమ్మలు పంపారు. ‘నీ సౌండ్ పాడైంది, ఇదిగో ఇందువల్ల పాడైంది, ఆ చెప్పుల షాట్ మాత్రం నీ సినిమా మొత్తానికి ప్రాణం’ అని ఒక్కరూ అతనికి చెప్పలేదు. మూడు నెలల తరువాత క్యాంటీన్‌లో కనిపిస్తే నేను చెప్పాను. ‘ఏ చెప్పులన్నా?’ అన్నాడు. ఆ షాట్ తాను తీశానన్న సంగతే అతనికి పట్టలేదు. వేషం వేసిన పెద్దాయన తనంతట తాను అలా చేస్తే ఫోను తిరుగుతూ ఉండి పట్టేసింది. మళ్లీ ఏమీ తియ్యలేదతను. అప్పుచేసి కొన్న ట్రైపాడ్ మీద ఇప్పుడు తువ్వాలు ఆరేసుకుంటున్నాడు.

ఈలలు వేసినవాళ్లని నేను పెద్దగా తప్పుపట్టను. మూడొందల మంది కుర్రాళ్లని చీకట్లో కూర్చోబెడితే ఈలలు రాక స్తోత్రాలు వస్తాయా? నా కోపం ‘సూపర్’ మీద. ఈల వేసినవాడు కనీసం ఏదో ఒకటి గమనించి వేశాడు. సౌండు పాడైందని ఆ విమానం మాటలోనే ఉంది, మర్యాద లేకపోయినా సమాచారం ఉంది. ‘సూపర్’లో ఏముంది? అది స్నేహం, విమర్శ కాదు. స్నేహం చెడకూడదని సినిమాని చెడనిస్తున్నాం.

ఇక ‘సందేశం’. పెద్దల మీద గౌరవంతోనే చెబుతున్నాను, మన అంతర్ కళాశాలల పోటీల మార్కుల కాగితంలో సందేశానికి ఒక గడి ఉంటుంది. ఆ గడి ఉన్నందువల్ల మన కుర్రాళ్లు ఏం నేర్చుకున్నారో చూడండి. ఏ చిత్రమైనా చివర నల్లతెర మీద తెల్లక్షరాలు పడాల్సిందే. మొక్కలు నాటండి, హెల్మెట్ ధరించండి, రైతే రాజు. పది నిమిషాల బొమ్మలో ఆ మాట నిలబడిందా లేదా ఎవరికీ అక్కర్లేదు, అక్షరాలు పడ్డాయా లేదా అన్నదే లెక్క. ప్రాక్టికల్ రికార్డులో ప్రయోగం చెయ్యకుండా ఫలితం రాసినట్టు! ఫిజిక్సు ల్యాబులో అలా రాస్తే మా మేడమ్ ఎర్రసిరాతో కొట్టేస్తారు. సినిమాకైతే షీల్డు ఇస్తున్నాం.

రైతే రాజు అన్నాను కాబట్టి ఆ ముచ్చట కూడా చెప్పాలి. షార్ట్ ఫిల్ముల్లో రైతు చచ్చినన్నిసార్లు ఊళ్లో కూడా చావడు. ఆకాశం వైపు చూస్తాడు, బీటలువారిన నేల చూస్తాడు, పురుగుమందు డబ్బా చూస్తాడు. అయిపోయింది. ఆ మధ్య వేరే కాలేజీవాళ్ల చిత్రం ఒకటి చూశాను. అప్పు చేసి నాట్లు వేసిన రైతు కథ. ఆడవాళ్లు నారు పీకుతుంటారు, తరువాత ‘మర్నాడు’ అని కార్డు పడుతుంది, రైతు గట్టు మీద నడుస్తుంటాడు, వెనకాల పండి తలలు వాల్చిన చేను! మాది కాలవ కింద మూడెకరాల వరి. జూలై, ఆగస్టుల్లో ఊడ్చిన చేను నవంబరు, డిసెంబరు దాకా కోతకు రాదు. మధ్యలో దోమపోటు ఉంది, తుపాను ఉంది, ఎరువుల కొట్టువాడి వడ్డీ ఉంది. దర్శకుడితో ఈ మాటే అంటే, ‘ఎవరు గమనిస్తారు బ్రదర్?’ అన్నాడు నవ్వుతూ.

మా అమ్మ గమనిస్తుంది. సరే, గమనించేవాళ్లు లేరనుకుందాం. అప్పుడు కూడా అది చిల్లర పొరపాటు కాదు. ఆ చిత్రం దేన్ని గురించి? అప్పు తెచ్చినవాడు పంట చేతికొచ్చేదాకా పడే నిరీక్షణ గురించి. ఆ నిరీక్షణనే రాత్రికి రాత్రి ఎగరగొట్టేస్తే కథలో ఇక మిగిలిందేమిటి? ఇలా చెబితే తీసినవాడికి పని దొరుకుతుంది. ‘మీ పట్నం వాళ్లకి వ్యవసాయం ఏం తెలుసులే’ అంటే అతనికి దొరికేది కోపం ఒక్కటే.

బెంగాల్లో సత్యజిత్ రే ‘పథేర్ పాంచాలి’ తీస్తున్నప్పటి సంగతి చాలామందికి తెలుసు. అన్నాచెల్లెళ్లు కాదు, అక్కాతమ్ముళ్లు, దుర్గా అపూ రెల్లుపూల మధ్య నుంచి వెళ్లి రైలు చూసే ఘట్టంతోనే షూటింగు మొదలుపెట్టారు. కొంత తీసి, వారం తరువాత మిగతాది తీద్దామని వెళ్లేసరికి పశువులు ఆ రెల్లుపూలన్నీ మేసేశాయి. రే ఆ మిగతాది ఇంకెక్కడో గుబురు పొదల్లో కానిచ్చెయ్యలేదు. మళ్లీ రెల్లు పూసే కాలం దాకా ఆగాడు. ‘ఎవరు గమనిస్తారు’ అనుకునే మనిషే అయితే ఆ ఘట్టం మనదాకా వచ్చేది కాదు.

అదే సినిమాకి సంబంధించిన ఇంకో విషయం మనకు మరీ ముఖ్యం. సినిమా 1955లో విడుదలైంది. అంతకుముందు 1954లో హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ కలకత్తా వస్తే రే తాను అప్పటికి తీసినదాంట్లో కొంత, పూర్తికాని ముడి కూర్పునే, ఆయనకు చూపించాడు. హ్యూస్టన్ నిజాయితీగల పని అని మెచ్చుకున్నాడు. దాంతోపాటే, పాత్రలను ఊరికే మరీ ఎక్కువసేపు తిప్పకు, ఏదో ఒకటి జరగకపోతే ప్రేక్షకులు ఓపిక పట్టరు అని హెచ్చరించాడట. ఇందులో నాకు నచ్చింది ఆయన మెచ్చుకోవడమూ కాదు, హెచ్చరించడమూ కాదు. ఆ మాట చెప్పే వేళకి సినిమా ఇంకా పూర్తికాలేదు. మార్చుకోవడానికి వీలుండగా చెప్పాడు.

మనం చేస్తున్నదేమిటి? నారుమడి దగ్గర చెప్పాల్సిన మాట కుప్ప నూర్చేటప్పుడు చెబుతున్నాం. ఉత్సవం రోజున, మార్కులు వేసే బల్ల ముందు, పూర్తయిపోయిన బొమ్మ చూసి ‘క్లైమాక్స్ కొంచెం లాగారు’ అంటే ఆ కుర్రాడు ఏం చేసుకోవాలి ఆ మాటని? కథ కాగితం మీద ఉన్నప్పుడు ఒక రకం మాట పనికొస్తుంది: ఈ తండ్రి ఎందుకు వచ్చాడు, ఇవాళే ఎందుకు వచ్చాడు అని. తీసేశాక ఆ ప్రశ్న వృథా; అప్పుడు ఏ ముక్క ముందుండాలి, ఏది తీసెయ్యాలి అన్నదే పనికొస్తుంది. కూర్పు కూడా ముగిసి, ఫోన్లో అందరికీ పంపేశాక చెప్పేది తరువాతి సినిమాకి ఉపయోగపడాలి, తరువాతి సినిమా అంటూ ఉంటే.

ఎలా చెప్పాలన్నది మా ఊరి గట్ల మీద చూసి కొంత నేర్చుకోవచ్చు. ఒకరి చేను పాడైతే పక్క రైతు ‘నీ చేను పాడైంది’ అనడు. అది చేను ఆసామికి తెలియని సంగతా? గట్టు మీద గొంతుకూర్చుని ‘నీళ్లెప్పుడు పెట్టావు బావా? యూరియా ఏ పూట చల్లావు?’ అని అడుగుతాడు. నాలుగు ప్రశ్నలయ్యేసరికి ఆసామికే తెలిసిపోతుంది ఎక్కడ చెడిందో. ఆ తరువాతే తన మాట చెబుతాడు, అదీ అడిగితేనే. అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నాట్యకారిణి 1990 ప్రాంతంలో కళాకారుల పనిని చర్చించడానికి ఒక పద్ధతి ఏర్పరిచింది. అందులో నాలుగు మెట్లు. మొదట, చూసినవాళ్లకి ఏది మనసుకు తగిలిందో చెబుతారు. తరువాత తీసినవాడే చూసినవాళ్లని ప్రశ్నలడుగుతాడు. ఆపైన చూసినవాళ్లు అడుగుతారు, కానీ ప్రశ్నలో తీర్పు దాచిపెట్టకూడదు. చిట్టచివర, తీసినవాడు సరేనంటేనే అభిప్రాయాలు. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మా గట్టు మీద వ్యవహారమే కదా ఇదంతా అని! ‘అంత చీకటిగా ఎందుకు తీశావు?’ అన్నది ప్రశ్న వేషం వేసుకున్న తిట్టు. ‘ఆ గదిలో వెలుతురు ఎలా ఉండాలనుకున్నావు?’ అన్నది ప్రశ్న. దానికి అతను ‘సాయంత్రంలా ఉండాలనుకున్నా’ అంటే, ‘నాకు అర్ధరాత్రిలా అనిపించింది’ అని మీరు చెప్పవచ్చు. గొడవ లేదు, అతనికి తెలియాల్సింది తెలిసింది.

అయితే ఈ పద్ధతికి ఒక ప్రమాదముంది. అందరూ మెత్తగా ప్రశ్నలడుగుతూ కూర్చుంటే అసలు మాట ఎవరూ చెప్పకుండానే టీ వచ్చేస్తుంది. మర్యాద ఎక్కువైతే అదీ ‘సూపర్’ లాంటిదే. వినపడని సినిమాని వినపడలేదనే చెప్పాలి. ఇందులో మెత్తదనం దేనికి?

ఇక్కడే సైన్సు విద్యార్థులకి పని ఉందని నా వాదన. మనం సినిమా చూసి ‘ఫీల్ లేదు’ అనక్కర్లేదు, అది తెలుగు శాఖ మిత్రులు అంటారు. మనకు తెలిసింది మనం చెప్పాలి. నోటికీ మైకుకీ దూరం సగం చేస్తే ఆరుబయట శబ్ద తీవ్రత నాలుగు రెట్లవుతుంది. ఎనిమిది అడుగుల దూరాన ఉన్న ఫోనును రెండడుగులకి తెస్తే పదహారు రెట్లు. గాలి మోత మాత్రం అలా పెరగదు. అంటే ఆ డాబా మీద ఇంకో ఫోను తండ్రి చొక్కా జేబులో రికార్డు చేస్తూ ఉంచి, దాని మీద ఒక గుడ్డముక్క కప్పి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టి, తరువాత కూర్పులో ఆ చప్పుడుతో రెండింటినీ జతచేసి ఉంటే హాలు నవ్వేది కాదు. పైసా ఖర్చు లేదు. అలాగే హాస్టల్ గదుల్లో తీసిన ప్రతి బొమ్మలోనూ తెర మీద చారలు పాకుతుంటాయి చూశారా? మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. దానివల్ల ట్యూబులైటు, కొన్ని చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, ఫోనుకి తెలుస్తుంది. షట్టర్‌ని సెకనులో యాభయ్యో వంతు గానీ వందో వంతు గానీ పెడితే చారలు పోతాయి. ఇది బీఎస్సీ మొదటి సంవత్సరం కుర్రాడు చెప్పగలిగిన విమర్శ. వంద ‘సూపర్’ల పెట్టు.

ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పాలన్నది నా కొత్త సిద్ధాంతమేమీ కాదు. భరతముని నాట్యశాస్త్రంలో ప్రదర్శన సిద్ధి గురించి చెప్పేచోట ప్రాశ్నికులని కొందరిని పేర్కొన్నాడు, మన భాషలో న్యాయనిర్ణేతలు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఎవరి విషయంలో వారే తీర్పరి; విల్లు పట్టినవాడి నిలబడే తీరు సంగతి విలుకాడు చూస్తాడు. ఆ లెక్కన మన కాలేజీ చిత్రాలకి న్యాయనిర్ణేతలుగా ఎవరుండాలి? ఆస్పత్రి సీనుంటే నర్సింగు చదివే అక్కను పిలవాలి. బస్సు సీనుంటే కండక్టరు గారబ్బాయిని పిలవాలి. పొలం సీనుంటే మాలాంటివాళ్లం హాస్టల్లో రూముకొకళ్లం ఉన్నాం. భరతుడు ఇంకో మాట కూడా అన్నాడు: గాలి, నిప్పు, వాన, పిడుగు లాంటివి తెచ్చిపెట్టే విఘాతాలు దైవికమైనవి, నటుల తప్పులతో కలపకూడదని. కరెంటు పోయి బొమ్మ మధ్యలో ఆగితే తీసినవాణ్ణి గేలిచేసేవాళ్లు ఇది గమనించగలరు. ట్రాన్స్‌కో కూడా దైవంలో భాగమే కాబోలు!

తెలిసింది చెప్పడం వేరు, తన సినిమా తీసుకోవడం వేరు. మనలో ఒక రకం విమర్శకులున్నారు, నోరు తెరిస్తే ‘నేనైతేనా...’ అంటారు. నేనైతే తండ్రిని చివర్లో చంపేసేవాణ్ణి, నేనైతే ఒక పాట పెట్టేవాణ్ణి. అయ్యా, తమరైతే తమరు తీయండి, మేం వచ్చి చూస్తాం. ఇప్పుడు వేసింది అతని బొమ్మ. అతను ఎటు వెళ్దామనుకున్నాడో తెలుసుకుని, ఆ దారిలో ఎక్కడ కాలు జారిందో చెప్పడం వరకే మనకు హక్కు.

తీసేవాళ్లని కూడా ఒక మాట అనకపోతే పక్షపాతమవుతుంది. మీరు మాట వినే ముందే ‘బడ్జెట్ లేదన్నా, టైం లేదన్నా, ఆర్టిస్టు రాలేదన్నా’ అని మొదలెడతారు. అవన్నీ నిజమే. కానీ తెర మీద బడ్జెట్ కనపడదు, బొమ్మ కనపడుతుంది. ‘ఇక్కడ నాకు అర్థం కాలేదు’ అని ఒకమ్మాయి అంటే, ఆ అమ్మాయికి అర్థమయ్యేలా అక్కడ నిలబడి వివరించి ప్రయోజనం లేదు. ప్రతి ప్రేక్షకుడి పక్కనా మీరు కూర్చోలేరు కదా? రాసుకోండి. అదే చోట ముగ్గురికి అర్థం కాలేదంటే కూర్పులో ఏదో తప్పింది. ఒక్కరికే కాలేదంటే ఆ కాగితం చించెయ్యండి. చెప్పినవన్నీ పాటించాలని ఎవరన్నారు?

1947లో కలకత్తాలో రే, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవాళ్లు ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నారు. సినిమా చేతికి రాకముందే ఏళ్ల తరబడి సినిమాలు చూశారు, చూసినదాని గురించి కూర్చుని మాట్లాడుకున్నారు. మనకు చేతిలో కెమెరా ముందొచ్చింది, మాట్లాడుకోవడం ఇంకా రాలేదు. కాబట్టి విద్యార్థి సంఘం వారికి నా విన్నపం ఇది. ఉత్సవాలకి నెల ముందు ఒక ప్రదర్శన పెట్టండి. పూర్తయిన బొమ్మలకి కాదు, సగంలో ఉన్నవాటికి. మార్కులు వద్దు, షీల్డు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. ఇరవై మందికి మించి రానివ్వకండి, ఈల వెయ్యాలంటే కనీసం యాభై మందైనా ఉండాలి. ఒక్కో బొమ్మ రెండుసార్లు వెయ్యండి. మొదటిసారి ఊరికే చూడటానికి, రెండోసారి కాగితం పట్టుకుని చూడటానికి. మొదటి పావుగంట తీసినవాడు మాట్లాడకూడదు, చూసినవాళ్లు ‘సూపర్’ అనకూడదు. అన్నవాడు అందరికీ టీ ఇప్పించాలి.

ఫిజిక్సు సెమినార్ హాలు శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఖాళీ. ప్రొజెక్టరు అందులోనే ఉంది, స్పీకర్లు కెమిస్ట్రీ వాళ్లని అడగాలి. మా మేడమ్‌ని అడిగాను, సంఘం నుంచి లెటర్ ఇస్తే తాళంచెవి ఇస్తామన్నారు. ఆ ట్రైపాడ్ కుర్రాడి దగ్గర డాబా మీద తీసిన ముక్కలన్నీ ఇంకా ఫోన్లో ఉన్నాయి. తండ్రి వేషం వేసిన పెద్దాయన మన కాలేజీ గేటుకి ఎదురుగానే చెరుకురసం బండి పెడతారు, మాటలు మళ్లీ చెప్పమంటే చెబుతానన్నారు.